ఐదుగురికి 75 కోట్లు

అల్లుడు: 120 కోట్ల పర్సు మామా. అందులో 75 కోట్లు ఐదుగురికే. 2024 అక్టోబరు 31న సన్‌రైజర్స్ రిటెన్షన్ జాబితా రాగానే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, హెడ్‌కి 14, అభిషేక్ శర్మకి 14, మన నితీశ్ కుమార్ రెడ్డికి 6. జెడ్డా వేలానికి చేతిలో మిగిలింది 45 కోట్లు. మిగతా జట్టంతా దాంట్లోనే కొనాలి. ఉన్నదంతా మండపానికీ లైటింగుకీ పెట్టేసి, భోజనాల దగ్గరికొచ్చేసరికి విస్తళ్లు లెక్కపెట్టుకున్నట్టు ఉంది. 2025లో ఆరో స్థానంలో ఆగిపోయాం. ఆగకేం చేస్తాం?

మామ: అంతకు రెండేళ్ల ముందు ఎక్కడున్నామో కూడా అదే కాగితం మీద రాయి. 2023లో పదో స్థానం. పది జట్లలో పదోది. పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి నాలుగు గెలిచాం. ఆ డిసెంబరులో దుబాయ్ వేలంలో కమిన్స్‌కి 20.50 కోట్లు పాడితే, బౌలింగ్ కెప్టెన్‌కి ఇంత డబ్బా అని తిట్టినవాళ్లలో నువ్వూ ఉన్నావు. ఐదు నెలలు తిరిగేసరికి ఫైనల్లో ఉన్నాం. ముంబై మీద 277 కొట్టాం, బెంగళూరు మీద 287 కొట్టాం. సికింద్రాబాద్ స్టేషన్ ముందు బస్సుల్లో ఉప్పల్ వెళ్లే జనమంతా నారింజ చొక్కాలే. ఆ చొక్కాల వెనక ఉన్న పేర్లు చదివావా? హెడ్, క్లాసెన్, కమిన్స్. జనం ఎవరిని చూడ్డానికి వెళ్తున్నారో వాళ్లకే జట్టు డబ్బు ఇచ్చింది. అందులో తప్పేంటి?

అల్లుడు: ఫైనల్‌కి తీసుకెళ్లింది 20.50 కోట్లా, 6.80 కోట్లా? అది చెప్పు. అదే రోజు, అదే హాల్లో హెడ్‌ని 6.80 కోట్లకి కొన్నారు. అతను 567 పరుగులు చేశాడు. కమిన్స్ ధరలో మూడో వంతు. మంచి కొనుగోలు అంటే అది. నీకు ఇంకో లెక్క చెప్తాను. అంతకు ఏడాది ముందు ఇంగ్లండ్ కుర్రాడు హ్యారీ బ్రూక్‌కి ఇదే జట్టు 13.25 కోట్లు పాడింది. పదకొండు మ్యాచ్‌ల్లో 190 పరుగులు. పరుగు ఒక్కింటికి దాదాపు 7 లక్షలు. కోల్‌కతా మీద ఒక సెంచరీ కొట్టాడు, కాదనను. సీజన్ అయ్యాక వదిలేశారు. 2022లో పూరన్‌కి 10.75 కోట్లు, ఏడాదికే వదిలేశారు. 2025కి షమీకి 10 కోట్లు. పంజాబ్ మీద ఉప్పల్లో నాలుగు ఓవర్లు వేసి 75 పరుగులిచ్చాడు, వికెట్ లేదు. ఆ నవంబరులో లక్నోకి పంపేశారు. ప్రతి ఏడాదీ ఒక పెద్ద పేరు కొంటారు, మరుసటి ఏడాది వదిలించుకుంటారు. ఈ మధ్యలో జట్టు ఎక్కడ కుదురుకుంటుంది?

మామ: నువ్వు ఫలితం చూశాక ధర చెప్తున్నావు. వేలం బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ సౌకర్యం ఉండదు. బ్రూక్ ఆ నెలలోనే పాకిస్తాన్‌లో వరసగా మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టి వచ్చాడు. అలాంటి కుర్రాడు ఎదురుగా ఉంటే పాడకుండా కూర్చుంటే, అప్పుడూ నువ్వే తిట్టేవాడివి.

అల్లుడు: పాడమనే అంటాను. ఎంతవరకు అన్నదే ప్రశ్న. వేలంలో ధర ఎలా పెరుగుతుందో మన ఊళ్లో ఎవరికి తెలియదు? బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలు. 2025లో 35 లక్షలు. లడ్డూలో పిండీ బెల్లం పెరగలేదు కదా. ఎదురుగా ఇంకొకడు చెయ్యెత్తి ఉన్నాడు, మనం దించితే పరువు పోతుంది. అంతే. పాడిల్ ఎత్తేవాళ్లకీ అదే ఊపు వస్తుంది.

మామ: లడ్డూ మాట బాగానే తెచ్చావు. అయితే ఆ డబ్బు ఎటు పోతుందో కూడా చెప్పాలి. బాలాపూర్ వాళ్లు దాన్ని గుడికీ ఊరి పనులకీ వాడతారు. పాడినవాడికి లడ్డూ దక్కుతుంది, ఊరికి డబ్బు దక్కుతుంది. ఆటగాడి వేలంలో ఆ డబ్బు ఆడేవాడి చేతికి వెళ్తుంది. క్రికెట్ చరిత్రలో ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు నేను చూడలేదు. జయసింహ మన సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. 39 టెస్టులు ఆడాడు. ఆ రోజుల్లో టెస్టుకి ఇచ్చింది వందల్లో. అజహరుద్దీన్ లాంటివాడు కూడా స్టేట్ బ్యాంకు ఉద్యోగి. నేను లీగ్ ఆడిన రోజుల్లో మా అందరి కలా ఒకటే, స్పోర్ట్స్ కోటాలో రైల్ నిలయంలోనో బ్యాంకులోనో ఒక కుర్చీ. పదేళ్లు బంతి విసిరిన భుజానికి దక్కేది ఒక గుమాస్తా ఉద్యోగం, అదీ దక్కితే. ఇప్పుడు ఆటకి ఆటే కూలి ఇస్తోంది. ఆ కూలి ఎక్కువైందని మనమే అనడం నాకు మింగుడు పడదు.

అల్లుడు: కూలి ఎక్కువైందని నేను అనలేదు మామా. ఒక్కడికి ఎక్కువై పదిమందికి తక్కువైందంటున్నాను.

మామ: ఆ ఒక్కడు ఏం చేయగలడో చెప్పనా? స్టార్క్‌కి కోల్‌కతా 24.75 కోట్లు పెట్టింది. లీగ్ దశంతా అతన్ని దంచారు. ఒక్కో బంతికి ఎన్ని లక్షలో టీవీల్లో లెక్కలు వేశారు. తర్వాత అహ్మదాబాద్‌లో క్వాలిఫయర్, మనతోనే. ఇన్నింగ్స్ రెండో బంతికి హెడ్ బౌల్డ్. చెన్నైలో ఫైనల్, మళ్లీ మనతోనే. మొదటి ఓవర్ ఐదో బంతి నేను ఇప్పటికీ మర్చిపోలేను. కాళ్ల మీదకి వస్తున్నట్టు వచ్చింది. అభిషేక్ బ్యాటు దానికి తగ్గట్టే తిరిగింది. పిచ్ అయ్యాక పక్కకి జరిగి ఆఫ్ స్టంప్ పైన తాకింది. అభిషేక్ అలాగే నిలబడ్డాడు. మనం 113కి ఆలౌట్. వాళ్లు పదిన్నర ఓవర్లలో కొట్టేశారు. పెద్ద ఆటగాడికి పెట్టే డబ్బు పద్నాలుగు మ్యాచ్‌ల కోసం కాదు అల్లుడూ, ఆ రెండు రాత్రుల కోసం. సగటు చూసి వాళ్లని కొలవలేం.

అల్లుడు: దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ బంతి నేనూ చూశాను. అలాంటిది వేసేవాళ్లు ప్రపంచంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లకి ధర ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే సన్‌రైజర్స్‌కి వచ్చిన ఒకే ఒక్క కప్పు ఎలా వచ్చింది? 2016లో వార్నర్ 848 పరుగులు చేశాడు, నిజమే. అతను 2014లో 5.50 కోట్లకి వచ్చినవాడు. మ్యాచ్‌లు కాపాడింది బౌలింగ్. భువనేశ్వర్ 4.25 కోట్లు, 23 వికెట్లు, పర్పుల్ క్యాప్. ముస్తాఫిజుర్ 1.40 కోట్లు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఆ సన్నటి కుర్రాడి యార్కర్లకి పెద్ద పెద్ద బ్యాట్స్‌మెన్ కింద పడ్డారు. మొదటి ఐపీఎల్ 2008లో కప్పు ఎత్తింది రాజస్థాన్. వేలంలో అందరికంటే తక్కువ ఖర్చు పెట్టిన జట్టు అది. డబ్బు పరుచుకుంటే జట్టు అవుతుంది. ఒకచోట పోస్తే పోస్టర్ అవుతుంది.

మామ: మరి 2008లో మనం, అంటే అప్పటి మన జట్టు దక్కన్ ఛార్జర్స్, ఎక్కడున్నాం? ఆఖర్న. 2009లో కప్పెత్తాం. దక్షిణాఫ్రికాలో, గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో, జోహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరు మీద ఆరు పరుగులతో. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, రోహిత్, ఆర్పీ సింగ్. అందరూ కొనుక్కొచ్చిన పెద్ద పేర్లే. ఏడాది ఓపిక పడితే అదే డబ్బు పండింది. డాలస్‌లో ఉన్న మీ అక్కని అడుగు, వాళ్ల ఊరి బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ కథ చెప్తుంది. 2021 చివర్లో ఇద్దరు ఆటగాళ్లకి కలిపి 50 కోట్ల డాలర్లు రాసిచ్చారు. సీగర్‌కి పదేళ్లకి 32.5 కోట్లు, సెమియన్‌కి ఏడేళ్లకి 17.5 కోట్లు. మరుసటి ఏడాది 94 మ్యాచ్‌లు ఓడిపోయారు. ఊరంతా నవ్వింది. 2023లో ఆ జట్టు చరిత్రలోనే మొదటి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఫైనల్స్‌లో మేటి ఆటగాడు సీగరే.

అల్లుడు: అదే 2023లో అందరికంటే ఎక్కువ జీతాలిచ్చిన న్యూయార్క్ మెట్స్ ప్లేఆఫ్స్‌కే రాలేదని కూడా అక్కే చెప్పింది. 2024 డిసెంబరులో సోటో ఒక్కడికే 76.5 కోట్ల డాలర్లకి సంతకం చేయించుకున్నారు. 2025లోనూ రాలేదు. నీ కథకి ఎదురు కథ నా దగ్గరా ఉంటుంది మామా. ఇలా ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. నా అసలు బాధ వేరే. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్లో ఉన్నాను. మన జట్టు బ్యాటింగ్. గుజరాత్ తరఫున కొత్త బంతి తీసుకున్నది సిరాజ్. ఫస్ట్ లాన్సర్ కుర్రాడు, ఆటో నడిపిన తండ్రి కొడుకు. తొలి ఓవర్లోనే హెడ్ అవుట్. తర్వాత అభిషేక్. నాలుగు ఓవర్లలో 17 పరుగులు, నాలుగు వికెట్లు. స్టేడియంలో ఏమైందో తెలుసా? నా చుట్టూ నారింజ చొక్కాలు వేసుకున్నవాళ్లు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా ముందు వరసలో ఒకతను రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, మళ్లీ కిందికి దించేశాడు. మన ఊరివాడు మన ఊళ్లో మన జట్టుని పడగొడుతుంటే సంతోషించాలో ఏడవాలో తెలియని స్థితి ఎవరు తెచ్చారు? 2017లో సిరాజ్‌ని 2.60 కోట్లకి కొన్నది మన జట్టే. ఒక్క సీజన్ ఆడించి వదిలేసింది. తిలక్ వర్మని 2022లో 1.70 కోట్లకి ముంబై ఎత్తుకుపోయింది. 2025 ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద 69 నాటౌట్ కొట్టినవాడు. లింగంపల్లిలో ఆట నేర్చుకున్నవాడు ముంబై నీలంలో ఉంటే, మన పర్సు ఎవరి కోసం?

మామ: సిరాజ్‌ని అడిగావా? గుజరాత్ అతనికి 12.25 కోట్లు ఇచ్చింది. మనం ఉంచుకుని ఉంటే ఇంత వచ్చేదో లేదో. ఊరి మీద ప్రేమ పేరుతో ఊరి పిల్లవాడిని తక్కువ ధరకి కట్టేసుకోవడం నాకు నచ్చదు. మన నుంచి పోయాడని నువ్వు బాధపడుతున్నావు. ఆ ఇంట్లో పొయ్యి వైపు నుంచి చూడు, అతను పైకి పోయాడు. ఇంకో సంగతి. ఊరు దాటి డబ్బు కోసం ఆడడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. సి.కె. నాయుడు మన తెలుగువాడే, నాగ్‌పూర్‌లో పుట్టాడు. హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇస్తే ఇండోర్ వెళ్లాడు. 1930-31లో విజయనగరం మహారాజకుమార్, మన విజ్జీ, ఇంగ్లండ్ నుంచి జాక్ హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ తెప్పించి తన జట్టులో ఆడించాడు. 1934లో వెస్టిండీస్ మేటి కాన్‌స్టంటైన్ మన సికింద్రాబాద్ వచ్చి మొయినుద్దౌలా గోల్డ్ కప్పులో ఆడాడు. అప్పటికే లాంకషైర్‌లో నెల్సన్ క్లబ్బు జీతం మీద ఆడుతున్న ప్రొఫెషనల్ అతను. ఇక్కడ ఏ జట్టుకి ఆడాడో తెలుసా? దాని పేరే ఫ్రీలూటర్స్. మన జింఖానా మైదానంలో ఒక ఊరికంటూ చెందని ఆటగాళ్ల జట్టు, డబ్బున్నవాళ్లు కూర్చిన జట్టు. ఊరు వద్దనలేదు. కాన్‌స్టంటైన్ ఫీల్డింగ్ ఎలా చేసేవాడో మా తాత మా నాన్నకి చెప్పేవాడు, మా నాన్న నాకు చెప్పాడు. మూడు తరాలు మా ఇంట్లో ఆ పేరు బతికింది. పరాయివాడైనా మనవాడయ్యాడు.

అల్లుడు: విజ్జీ పేరు ఎత్తావు కాబట్టి మిగతాది కూడా చెప్పు. ఆ డబ్బూ ఆ పలుకుబడే 1936లో అతన్ని ఇండియా కెప్టెన్‌ని చేశాయి. ఇంగ్లండ్‌లో మూడు టెస్టుల్లో రెండు ఓడాం. లాలా అమర్‌నాథ్ లాంటివాడిని టూరు మధ్యలో ఇంటికి పంపేశారు. డబ్బు ఒక్క ఆటగాడిని తెచ్చి ఆగదు మామా. ఎవరు ఆడాలి, ఎవరు కూర్చోవాలి అన్నది కూడా అదే నిర్ణయిస్తుంది. 23 కోట్లవాడు నాలుగు మ్యాచ్‌లు విఫలమైనా ఐదోది ఆడతాడు. 30 లక్షలవాడు ఒక్క క్యాచ్ వదిలితే బెంచీ మీదికి పోతాడు.

మామ: ఇది నిజం. దీన్ని నేను కాదనను. నేనూ ఆ బెంచీ మీద కూర్చున్నవాణ్నే.

అల్లుడు: మొదట్లో ఇలా లేదు కూడా. 2008లో ప్రతి జట్టులో స్థానిక ఆటగాళ్లు కనీసం నలుగురు ఉండాలని నిబంధన పెట్టారు. అందుకే అప్పుడు జట్టుకి ఊరి పేరు పెడితే అర్థం ఉండేది. తర్వాత అది పోయింది. 2021 వేలం అయ్యేసరికి హైదరాబాద్ పేరున్న జట్టులో ఒక్క హైదరాబాదీ లేడు. ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ మ్యాచ్‌లు అడ్డుకుంటామన్నారు. ఆయన చెప్పిన దారి నాకు నచ్చలేదు, బాధ మాత్రం నాదే. పొద్దున ఆరింటికి నేను నెట్స్‌కి వెళ్తాను కదా. ఒక కుర్రాడు వస్తాడు, ఎడమచేతి వాటం. ప్యాడ్ పట్టీ తెగితే సైకిల్ ట్యూబు ముక్క కోసి కట్టుకున్నాడు. ముగ్గురు పిల్లలకి ఒకటే హెల్మెట్, ఒకడు ఆడి తీసి చొక్కాతో తుడిచి ఇంకొకడికిస్తాడు. తోలు బంతి ఒక వైపు పూర్తిగా గరుకైపోయినా పారెయ్యం, స్పిన్నర్లకి పనికొస్తుందని దాస్తాం. ఆ కుర్రాడు ఉప్పల్ మ్యాచ్ చూసి వచ్చి హెడ్‌లా కాలు పక్కకి తీసి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ జట్టు అతని వైపు ఒక్కసారైనా చూస్తుందన్న నమ్మకం ఉంటే చాలు, నాకు అభ్యంతరం లేదు. కోట్లు ఎవరికైనా ఇవ్వనీ.

మామ: ఆ పిల్లవాడి ప్యాడ్లకి హెడ్ 14 కోట్లు అడ్డం కాదురా. నువ్వు తప్పు జేబు వెతుకుతున్నావు. నా లెక్క విను. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకి అమ్మారు. అంటే ఏడాదికి 9,678 కోట్లు. జెడ్డా వేలం నాటి పర్సు చూడు. పది జట్లకి, జట్టుకి 120 చొప్పున మొత్తం 1,200 కోట్లు. దాదాపు ఎనిమిదో వంతు. స్పాన్సర్లూ టికెట్లూ ఇందులో కలపలేదు. 2025 నుంచి మ్యాచ్‌కి 7.50 లక్షల ఫీజు అదనంగా ఇస్తున్నారు, అది కలిపినా పెద్దగా మారదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకి పోతుంది. ఇక్కడ నువ్వూ నేనూ ఆ ఎనిమిదో వంతుని హెడ్‌కి ఎంత, కుర్రాడికి ఎంత అని కొట్టుకుంటున్నాం. మిగతా ఏడు వంతుల సంగతి ఎవరూ అడగరు. పర్సుకి పరిమితి పెట్టింది పిల్లల కోసం కాదు. యజమానులు ఒకరి మీద ఒకరు పాడుకుని చేతులు కాల్చుకోకుండా.

అల్లుడు: అయితే బేస్‌బాల్‌లా పరిమితి ఎత్తేయాలంటావా?

మామ: వాళ్ల స్వేచ్ఛ మనకి కావాలంటాను. కర్ట్ ఫ్లడ్ అని ఒక ఆటగాడు ఉండేవాడు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు అతన్ని అడగకుండానే ఫిలడెల్ఫియాకి బదిలీ చేసింది. నన్ను సామానులా అమ్ముతారా అని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆటా పోయింది. అయినా ఆ పోరాటం ఆగలేదు. 1975 చివర్లో మధ్యవర్తి తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకి నచ్చిన ఊరికి వెళ్లే హక్కు వచ్చింది. అక్కడ చలికాలం వస్తే ఆటగాడే జట్లని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఒహ్తానీ 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, తన ఇష్టంతో, తను ఎంచుకున్న ఊళ్లో. ఇక్కడ సిరాజ్‌కి హైదరాబాద్‌కి ఆడాలని ఎంత ఉన్నా చెప్పే వీలుందా? వేలంలో పేరు ఇచ్చాక ఏ పాడిల్ పైకి లేస్తే ఆ ఊరే. పైగా ఇప్పుడు చిన్న వేలంలో విదేశీయుడికి 18 కోట్లకి మించి ఇవ్వకూడదన్నారు. 2025 డిసెంబరు 16న అబుదాబీలో కామెరాన్ గ్రీన్‌ని కోల్‌కతా 25.20 కోట్లకి పాడింది. అతనికి దక్కేది 18. మిగతా 7.20 బోర్డుకి.

అల్లుడు: ఆ డబ్బు ఆటగాళ్ల సంక్షేమానికే అన్నారు.

మామ: నీ నెట్స్‌లో సైకిల్ ట్యూబు మారిన రోజు చెప్పు, అప్పుడు నమ్ముతాను.

అల్లుడు: మామా, ఆటగాడు తన ఊరు ఎంచుకునే హక్కు ఉండాలన్నదాంట్లో నీతో ఉన్నాను. పరిమితి ఎత్తేయడం దగ్గర మాత్రం ఆగుతాను. ఒహ్తానీ వెళ్లిన లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ 2024లో గెలిచింది, 2025లో గెలిచింది. డబ్బున్న పెద్ద ఊళ్లు రెండు మూడు మిగతా దేశాన్ని తినేస్తాయి. ఇక్కడ పరిమితి ఉంది కాబట్టే 2008లో ఆఖర్న ఉన్న మనం 2009లో కప్పెత్తగలిగాం. నువ్వు చెప్పిన కథే అది. లేకపోతే ముంబై, చెన్నై పాడుతుంటే మనం చూస్తూ కూర్చునేవాళ్లం. ఇంకొకటి, మనకి 2012 ఉంది. ఇది నీకు చెప్పనక్కర్లేదు.

మామ: చెప్పనక్కర్లేదు. దక్కన్ ఛార్జర్స్ అంటే మన సరోజినీ దేవి రోడ్డు పత్రికాఫీసు జట్టు. 10.7 కోట్ల డాలర్లకి ఊరి పేరు కొన్నారు. నాకు ఆ ఆఫీసు ముందు నుంచి వెళ్తుంటే మా ఇంటి జట్టు అనిపించేది. 2012లో అప్పుల కథలు వచ్చాయి, ఆటగాళ్ల బకాయిల మాట బయటికొచ్చింది, సెప్టెంబరులో బోర్డు ఒప్పందం రద్దు చేసింది. దాని మీద కోర్టు గొడవలు తర్వాత ఏళ్ల తరబడి నడిచాయి. నాకు తెలిసింది ఒక్కటే. కప్పు గెలిచిన జట్టు మూడేళ్లకి లేకుండా పోయింది. ఏడాదికి 85 కోట్లు కడతామని సన్ టీవీ వాళ్లు ముందుకొస్తేనే మళ్లీ ఉప్పల్‌లో దీపాలు వెలిగాయి. ఖర్చు పెట్టేవాడికి నిలకడ ఉండాలన్న మాట అప్పుడు నేర్చుకున్నాను. ఇక్కడ నీ మాట ముందు తలవంచుతాను.

అల్లుడు: అయితే ఛార్జర్స్ మొదటి రోజుకి పోదాం. 2008 ఫిబ్రవరి 20, మొదటి వేలం. సచిన్, ద్రావిడ్, గంగూలీ, సెహ్వాగ్, యువరాజ్ ఐకాన్లు. జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడి కంటే ఐకాన్‌కి 15 శాతం ఎక్కువివ్వాలి. హైదరాబాద్‌కి లక్ష్మణ్ ఐకాన్ కావాలి. వద్దన్నాడు.

మామ: ఆ కథ నా వైపు సాక్ష్యం. ఎందుకు వద్దన్నాడు? జట్టు చేతిలో డబ్బు మిగలాలని. పర్సు 50 లక్షల డాలర్లు. సైమండ్స్‌ని 13.5 లక్షలకి కొన్నారు, ఆ రోజు ధోనీ తర్వాత అందరికంటే ఎక్కువ. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉంటే అతనికి 15.5 లక్షలు పోయేవి. ఇద్దరికే 29 లక్షలు. గిల్‌క్రిస్ట్‌ని ఏం పెట్టి కొనేవారు? ఊరి పిల్లవాడే, ఈ ఊరు కన్న అందరిలోకీ పెద్ద పిల్లవాడే, పెద్ద ఆటగాళ్లని కొనండని దారి ఇచ్చాడు. ఆ గిల్‌క్రిస్టే కప్పు తెచ్చాడు.

అల్లుడు: నేను అదే కథని ఇంకోలా చదువుతాను. పెద్ద ఆటగాళ్లని కొన్న డబ్బు ఎక్కణ్నించి వచ్చింది? ఊరి పిల్లవాడి జేబులోంచి. లక్ష్మణ్ తీసుకున్నది 3 లక్షల 75 వేల డాలర్లు. ఎవరూ అడగలేదు, తనే ఇచ్చాడు. ఆ త్యాగానికి బదులుగా జట్టు ఏం చేసింది? 2011 వేలంలో లక్ష్మణ్‌ని కొచ్చి కొనుక్కుంది.

మామ: ...2013లో సన్‌రైజర్స్‌కి మెంటర్‌గా తిరిగొచ్చాడు.

అల్లుడు: వచ్చాడు, అతను వచ్చే మనిషి కాబట్టి. నేను అడిగేది పెద్దదేం కాదు. 2008 నిబంధన తిరిగి పెట్టమంటున్నాను. నలుగురు అక్కర్లేదు, జట్టుకి ఇద్దరు స్థానిక పిల్లలు. క్లాసెన్ 23 కోట్లు తీసుకోనీ, లివింగ్‌స్టన్‌కి 2025 డిసెంబరు వేలంలో ఇచ్చిన 13 కోట్లూ తీసుకోనీ. ఆ ఇద్దరు పిల్లలకీ మాత్రం నెట్స్‌లో చోటు ఇవ్వమను.

మామ: దానికి నేను సంతకం పెడతాను. ఒక షరతు మీద. ఊరివాళ్లు కదా, ఎలాగూ ఉంటారు కదా అని ఆ ఇద్దరినీ 30 లక్షల బేస్ ధరకి కట్టెయ్యకూడదు. బయటి జట్టు ఎంత ఇస్తానంటే అంత మనమూ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే నవ్వుతూ పంపాలి. ఉప్పల్లో మన మీదే నాలుగు వికెట్లు తీసినా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి.

అల్లుడు: ఆ షరతు నాకు కష్టమే. ముఖ్యంగా చప్పట్లు.

మామ: నాకు నీ నిబంధనా అంతే కష్టం. ఆటగాడిని పుట్టిన ఊరు చూసి తీసుకోవడం నేను జీవితంలో ఒప్పుకోలేదు. ఆ సైకిల్ ట్యూబు కోసం ఒప్పుకుంటున్నాను.

అల్లుడు: అతను ఈ మధ్యే అండర్-16 సెలక్షన్‌కి వెళ్లొచ్చాడు. రెండు ఓవర్లు ఆడనిచ్చారు. రంజీ దాకా వస్తే కొత్త ఆటగాడికి రోజుకి 40 వేలు, నాలుగు రోజుల మ్యాచ్‌కి 1.60 లక్షలు. అక్కడిదాకా రావడానికి ఇంకా ఏడెనిమిదేళ్లు.

మామ: ప్యాడ్ల సైజు ఎంతో కనుక్కో. రేపు పొద్దున ఆరింటికి నేనూ వస్తాను.